కష్టం తర్వాత "ఎదుగుదల" కొలవడానికి పది ప్రశ్నలట, నాకు 50కి 14 వచ్చింది

పాతగొడుగు
యాక్సిడెంట్‌లో తమ్ముడు పోయాడు. బండి వాడే నడుపుతున్నాడు, పక్క సీట్లో నేను. ఇంకా ఏడాది కూడా కాలేదు. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నా. ఈమధ్య కౌన్సెలర్ మారారు, కొత్తావిడ ఒక పేజీ ఫారం చేతిలో పెట్టి నింపమన్నారు. పది వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా టిక్ పెట్టాలి. ఈ సంఘటన వల్ల నా ప్రాణం విలువ నాకు తెలిసొచ్చిందా, నేననుకున్న దానికంటే గట్టిదాన్నని తెలిసిందా, మనుషులు ఎంత మంచివాళ్లో అర్థమైందా, వరసగా ఇవే. మొదటి దాని దగ్గరే పెన్ను ఆగిపోయింది. వాడు పోయినందుకు నాకేం లాభం వచ్చిందో లెక్క చెప్పమన్నట్టు అనిపించింది. ఎలాగో నింపి ఇచ్చేశా, కూడితే 14. ఆవిడ "సరే, కొన్నాళ్లయ్యాక మళ్లీ చూద్దాం" అని ఫైల్లో పెట్టేశారు. అప్పట్నుంచి అదే బుర్ర తొలిచేస్తోంది. ఎవరికైనా ఈ ఫారం ఇచ్చారా? ఎంత వస్తే బాగున్నట్టు?

రెండో_ఇన్నింగ్స్
నాకిచ్చారు. క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయాక ఫాలోఅప్‌లో. నాకు 43 వచ్చింది. నిజం చెప్తున్నా, నింపుతుంటే ఏడుపొచ్చింది, మంచి ఏడుపే. అంతకుముందు పొద్దున లేస్తే ఆఫీసు, రాత్రి పడుకునేదాకా ఆఫీసు, ఇప్పుడు ఎవరికి టైమివ్వాలో ఎవరికి అక్కర్లేదో బాగా తెలుసు. మీది ఇంకా పచ్చి గాయం అమ్మా, టైమివ్వండి, మీకూ పెరుగుతుంది.

విసుగురాజా
"మీకూ పెరుగుతుంది" అనేదే నాకు మంట. పెరక్కపోతే? తమ్ముడు పోయిన మనిషికి ఇప్పుడు ఎదిగే డ్యూటీ కూడా వేశారన్నమాట.

రెండో_ఇన్నింగ్స్
నేను డ్యూటీ వెయ్యలేదు బాబూ, నా సంగతి చెప్పాను.

సింగిల్_సింహం
50కి 14 అంటే సప్లిమెంటరీ రాయాలేమో 😄

నైట్‌డ్యూటీ
@సింగిల్_సింహం పోస్ట్ మొదటి లైను చదివే రాశారా?

పాతగొడుగు
పర్లేదండి, నవ్వొచ్చింది. మా తమ్ముడైనా ఇదే అనేవాడు.

లెక్కలపిచ్చి
సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, నా పనిలో సగం ఇలాంటి ఫారాల లెక్కలే, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది పీటీజీఐ (పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్ ఇన్వెంటరీ, అంటే పెద్ద దెబ్బ తర్వాత వచ్చే ఎదుగుదల ఫారం) పొట్టి వెర్షన్. అసలుది 1996లో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు తయారుచేశారు. 21 వాక్యాలు, మొత్తం 105కి. ఐదు సంగతులు చూస్తుంది: మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం మీద నమ్మకం, ఆధ్యాత్మికంగా వచ్చిన మార్పు, బతుకు మీద విలువ. రీసెర్చ్‌లో ఒకే మనిషి చేత నాలుగైదు ఫారాలు నింపించాలి, సగంలోకి వచ్చేసరికి ఎవరికైనా విసుగే, అందుకని 2010లో ఒక్కోదాంట్లోంచి రెండేసి వాక్యాలు ఏరి పది చేశారు. లెక్కల వరకు పొట్టిది పెద్దదానికి బాగానే సరిపోతుంది.

ఇక మీరడిగింది. పాస్ మార్కు అంటూ ఏమీ లేదండి. డిప్రెషన్ ఫారాల్లో, పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తర్వాత వదలని భయం, పీడకలల జబ్బు) ఫారాల్లో ఇంత దాటితే డాక్టర్ చూడాలి అని ఒక గీత ఉంటుంది, దీనికి అందరూ ఒప్పుకున్న గీత అలాంటిది లేదు. పైగా ఇక్కడ 0 పెడితే "దిగజారిపోయాను" అని కాదు, "ఈ మార్పు నాలో రాలేదు" అని, అంతే. కాబట్టి 14 అంటే మీ పరిస్థితి బాగా లేదని ఈ ఫారం చెప్పట్లేదు, చెప్పలేదు కూడా. అసలది కొలిచేదే అది కాదు.

దేవుడెరుగు
ఆ ఐదింట్లో ఆధ్యాత్మికం ఒకటి అన్నారు కదా, అంటే పదిలో రెండు వాక్యాలు దానివే. నాకు దేవుడి మీద నమ్మకం ముందూ లేదు తర్వాతా లేదు. అంటే 10 మార్కులు పుట్టుకతోనే పోయినట్టా?

లెక్కలపిచ్చి
@దేవుడెరుగు ఈ గొడవ పాతదే. మతం వైపు మరీ మొగ్గిందని చాలామంది అన్నారు. 2017లో దేవుడితో పని లేకుండా, బతుక్కి అర్థమేంటి, చావంటే ఏంటి, మిగతా లోకంతో నాకేం సంబంధం, అలాంటి వాక్యాలు నాలుగు కలిపి 25 చేశారు. పాత పొట్టి ఫారంలో మాత్రం మీరన్నట్టే, 40 దాటడం మీకు కష్టం.

సింగిల్_సింహం
నాస్తికులకి గ్రేస్ మార్కులు కలపాలని నా డిమాండ్

మొండిఘటం
నా కేసు ఇంకా వింత. ఇల్లు కాలిపోయింది మాకు, మనుషులందరం బయటపడ్డాం, మిగతాదంతా బూడిద. ఈ ఫారంలో "కష్టాలు తట్టుకోగలనని తెలిసింది" లాంటిది ఒకటుంటుంది. నేను పదహారేళ్లప్పట్నుంచీ నాకు నేనే ఆధారం, కొత్తగా తెలిసేదేముంది? 0 పెట్టా. "మనుషులతో దగ్గరయ్యాను" దానికీ 0 పెట్టా, ఎందుకంటే మేం ముందే దగ్గర. మొత్తం ఆరో ఏడో వచ్చింది. ఫారం తీసుకున్న కుర్రాడు నా వంక జాలిగా చూశాడు. ఒరే నాయనా నేను బానే ఉన్నారా అని చెప్పాల్సొచ్చింది.

లెక్కలపిచ్చి
మంచి పాయింట్. ముందే నిండా ఉన్నవాళ్లకి పెరగడానికి చోటుండదు. ఈ ఫారం మార్పునే అడుగుతుంది, ఇప్పుడెంత ఉందని అడగదు.

విసుగురాజా
ఇప్పుడు నా వంతు. మార్పుని అడుగుతుంది సరే, మార్పుని *కొలుస్తుందా*? ఒక్క టిక్ పెట్టాలంటే ఎన్ని చెయ్యాలో చూడండి. ఇప్పుడు నేనెలా ఉన్నానో చూసుకోవాలి, అప్పుడెలా ఉన్నానో గుర్తు తెచ్చుకోవాలి, రెంటికీ తేడా తియ్యాలి, ఆ తేడాలో వయసు వల్ల వచ్చిందెంత, ఆ సంఘటన వల్ల వచ్చిందెంత అని విడదియ్యాలి, చివరికి దాన్ని 0 నుంచి 5లో ఎక్కడో కూర్చోబెట్టాలి. ఇదంతా ఒక్కో వాక్యానికి నాలుగైదు సెకన్లలో. నిన్న మధ్యాహ్నం మూడ్ ఎలా ఉందో నాకు గుర్తుండదు, మూడేళ్ల కిందట మనుషులంటే ఎంత ప్రేమ ఉండేదో ఎలా గుర్తుంటుంది? పైగా అందరం "అప్పుడు నేనొట్టి వెర్రిదాన్ని, ఇప్పుడు తెలివొచ్చింది" అని అనుకోవడానికే ఇష్టపడతాం. పాత మనల్ని కిందికి తోస్తే ఇప్పటి మనం పైకి కనిపిస్తాం. ఎదగక్కర్లేదు.

2009లో ప్యాట్రీషియా ఫ్రేజియర్ అనే సైకాలజిస్టు వాళ్ల స్టడీ ఒకటుంది, @లెక్కలపిచ్చి గారికి తెలిసే ఉంటుంది. కాలేజీ స్టూడెంట్ల చేత ముందే ఫారాలు నింపించి పెట్టుకున్నారు. కొన్ని వారాలకి మళ్లీ నింపించారు. ఆ మధ్యలో నిజంగా ఏదో పెద్ద దెబ్బ తగిలినవాళ్లు 122 మంది తేలారు. వాళ్లలో ముందుకీ తర్వాతకీ నిజంగా వచ్చిన తేడా ఒక పక్క, "నేను ఎదిగాను" అని వాళ్లు పీటీజీఐలో చెప్పింది ఒక పక్క పెట్టి చూస్తే, చాలావరకు రెంటికీ పొంతన లేదు. ఇంకా తమాషా ఏంటంటే ఎదిగామని ఎక్కువ చెప్పినవాళ్లలో బాధ తగ్గడం అటుంచి పెరిగింది.

రెండో_ఇన్నింగ్స్
అంటే నా 43 అబద్ధమా?

విసుగురాజా
అబద్ధం అన్లేదండి. అది మీరు మీ గురించి చెప్పుకునే కథ. కథ మంచిదే కావచ్చు.

రెండో_ఇన్నింగ్స్
కథ అంట. కీమో అయ్యాక ఉద్యోగం మానేసి, పదేళ్లుగా మాట్లాడని మా అక్క ఇంటికెళ్లి తలుపు కొట్టాను. తలుపు తీసి ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత లోపలికెళ్లి నాకు కూర్చోడానికి కుర్చీ మీద బట్టల కుప్ప తీసి పక్కన పడేసింది. ఇప్పుడు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం. ఇది కథా? మా అక్కనడగండి.

లెక్కలపిచ్చి
ఇద్దరూ కొట్టుకోకండి, ఇద్దరి దగ్గరా పాయింటుంది. ఫ్రేజియర్ స్టడీ మంచి స్టడీనే, కాని వాళ్లు యూనివర్సిటీ పిల్లలు, మధ్యలో గడిచింది కొద్ది వారాలు, అంత తక్కువలో ఏం ఎదుగుతారని ఎదురు వాదన కూడా ఉంది. ఇంకోవైపు, ఫారం నింపిన మనిషినే కాకుండా ఇంట్లో దగ్గరివాళ్లని కూడా "వీళ్లలో మార్పొచ్చిందా" అని విడిగా అడిగిన స్టడీలున్నాయి, 2008లో ఒకటొచ్చింది, అందులో ఇద్దరి మాటా చాలావరకు కలిసింది. మీ అక్కనడగమన్నారు చూశారా, వాళ్లు చేసింది అదే.

మెర్కర్, సోల్నర్ అని ఇద్దరు సైకాలజిస్టులు 2004లో ఈ ఎదుగుదలకి రెండు మొహాలున్నాయన్నారు. ఒకటి నిజంగా కొత్తగా కట్టుకున్నది, రెండోది దెబ్బకి తట్టుకోడానికి మనసు తనకి తాను చెప్పుకునే ఓదార్పు. రెండోది ఉన్నంత మాత్రాన చెడ్డదేం కాదు, దానివల్ల అసలు బాధని చూసుకోకుండా తప్పించుకుంటేనే ఇబ్బంది. ఫారానికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, 5 అంటే 5.

నైట్‌డ్యూటీ
నేను నర్సుని, ఈ ఫారాలు పంచేది మేమే. ఒకటి చెప్తా. ఒకావిడ, బిడ్డ పోయింది. ఆవిడ ఫారం నింపుతుంటే మంచం పక్కన భర్త ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పదికి పది 5లు. టిక్కులన్నీ ఒకే నిలువు గీతలో, స్కేలు పెట్టి కొట్టినట్టు, పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింద కాగితం మీద కూడా అచ్చులు పడ్డాయి. ఆ కింద కాగితం నిద్ర గురించి. దాంట్లో అసలు నిద్ర పట్టట్లేదు, కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది అని పెట్టింది. 50కి 50 వచ్చిన మనిషి అన్నమాట. నేను డాక్టర్‌కి పైన ఫారం కాదు కింద ఫారం చూపించా. పక్కన ఎవరున్నారు, ఎవరు చదివి వినిపించారు, తర్వాత ఎవరు చూస్తారు, వీటిని బట్టి మారిపోతాయి టిక్కులు. ధైర్యంగా కనిపించాలని ఉంటుంది కదా అందరికీ.

విసుగురాజా
🙏 ఇంకేం చెప్పక్కర్లేదు

లెక్కలపిచ్చి
@నైట్‌డ్యూటీ రెండూ ఒకేసారి ఉండడం మాత్రం విచిత్రమేం కాదు మేడం. ఎదుగుదల వచ్చిందంటే బాధ పోయిందని చాలామంది అనుకుంటారు, అలా ఏం లేదు. 2014లో బోలెడు స్టడీలు కలిపి చూస్తే, ట్రామా లక్షణాలు పెరిగేకొద్దీ ఈ స్కోర్ కూడా పెరుగుతూ వెళ్లి, లక్షణాలు మరీ ఎక్కువైనచోట మళ్లీ కిందికి దిగుతోంది, బోర్లించిన గిన్నె షేపులో. కదిలించని దెబ్బ మనిషిని మార్చదు, మరీ ముంచేసిన దెబ్బ మారే ఓపిక మిగల్చదు. అందుకే ఈ స్కోర్ ఒక్కటే చూసి ఎవరి పరిస్థితీ చెప్పకూడదు, పక్కన లక్షణాల ఫారం ఉండాలి. @పాతగొడుగు గారు, మీకు అది కూడా ఇచ్చారా?

పాతగొడుగు
ఇచ్చారు, పాత కౌన్సెలర్ మొదట్లోనే. 20 ప్రశ్నలది. దాంట్లో మొదటికంటే తగ్గిందన్నారు. నిద్ర కూడా పర్లేదిప్పుడు, కార్లో ముందు సీట్లో మాత్రం కూర్చోలేను.

అన్నీ చదివాక ఫోన్లో ఫోటో తీసుకున్న ఫారం మళ్లీ చూశా. మనుషులతో దగ్గరితనం దానికి నేను 1 పెట్టా. ఎందుకు 1 అంటే, నా ఫ్రెండ్ ఒకతి ప్రతి ఆదివారం వచ్చేది, ఏం మాట్లాడేది కాదు, నా మంచం మీద కూర్చుని తన ఆఫీసు పని చేసుకుని వెళ్లిపోయేది. దానికైతే 5 పెట్టాలి. కాని దహనం అయిన పదో రోజుకే మా బాబాయి వాళ్లు "నువ్వు వాణ్ని మాటల్లో పెట్టావా ఏంటి బండి నడుపుతుంటే" అని అడిగారు. అప్పట్నుంచి వాళ్ల మొహం చూడలేదు. దానికి మైనస్ 5 పెట్టాలి, మైనస్ లేదు ఫారంలో. రెండూ కలిపి 1 అని పెట్టేశా.

మొండిఘటం
ఆ బాబాయి ఫోన్ నంబర్ ఇవ్వండి ఒకసారి

కాపలాదారు
నంబర్లు ఎవరూ ఇవ్వొద్దు, సరదాకి కూడా.

వినేచెవి
కౌన్సెలర్‌ని, ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. @పాతగొడుగు, మీరు ఇప్పుడు రాసిన ఆ పేరా చూశారా, ఆ 1 వెనక ఉన్నది? నేనైతే ఆ ఫారం ఇచ్చేదే దానికోసం. నేను అసలు కూడను. ఒక్కో టిక్ దగ్గర ఆగి "ఇక్కడ 0 కాకుండా 1 ఎందుకు పెట్టారు" అని అడుగుతా, అంతే. కొంతమంది నోరు విప్పి చెప్పలేరు, కాని టిక్ పెడతారు, ఆ టిక్ పట్టుకుని మాట మొదలవుతుంది. మీ కౌన్సెలర్ ఫైల్లో పెట్టేసి ఊరుకున్నారు చూడండి, అది నాకు నచ్చలేదు. ఇచ్చాక మాట్లాడాలి. మాట్లాడే టైము లేకపోతే ఇవ్వకూడదు. అదీ ఏడాది లోపు, తమ్ముడు పోయిన మనిషికి, "ఇది ఎందుకు ఇస్తున్నానంటే" అని ఒక్క మాట కూడా చెప్పకుండా!

మైనస్ సంగతి కూడా మీరు సరిగ్గా పట్టుకున్నారు. ప్రతి వాక్యానికీ దాని ఉల్టా వాక్యం పక్కనే పెట్టి 42 చేసిన వెర్షన్ ఒకటి 2008లో వచ్చింది, పీటీజీఐ తయారుచేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. దగ్గరయ్యానా, దూరమయ్యానా, రెండూ విడివిడిగా పెట్టొచ్చు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చని వాళ్లూ ఒప్పుకున్నట్టే. పొడుగెక్కువని పెద్దగా వాడరు, అది వేరే సంగతి.

విసుగురాజా
@వినేచెవి కూడనప్పుడు అంకెలెందుకండి? ఊరికే అడగొచ్చుగా, "మనుషులతో ఎలా ఉంది" అని.

వినేచెవి
అడుగుతా. పదిమందిలో ఆరుగురు "బానే ఉంది" అంటారు. అక్కడితో అయిపోతుంది.

విసుగురాజా
కాని మీ ఫారం వాక్యాలన్నీ మంచి మార్పులే. నింపేవాడికి ముందే తెలిసిపోతుంది మీకేం వినాలనుందో. ఆ 42 వాక్యాలది వాడండి అయితే, ఓపిక లేకపోతే మీరే నాలుగు ఉల్టా వాక్యాలు నోటితో అడగండి.

వినేచెవి
నోటితో అడుగుతాను, ఎప్పుడూ. దాన్లో మీతో తగువు లేదు.

లెక్కలపిచ్చి
మళ్లీ చూద్దాం అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. 21 వాక్యాల దానికే, రెండు నెలల తేడాతో అదే మనుషులకి మళ్లీ ఇస్తే రెండు స్కోర్ల మధ్య పొంతన 0.71 వచ్చింది (పూర్తిగా కలిస్తే 1), అదీ చాలా తక్కువమంది మీద చూసిన లెక్క. గుంపు మీద రీసెర్చ్‌కి ఫర్వాలేదు. ఒక్క మనిషి విషయంలో 14 కాస్తా 18 అయితే పండగ చేసుకోవద్దు, 11 అయితే కంగారు పడొద్దు. ఆ రోజు పొద్దున ఎలా లేచారన్నదాన్ని బట్టి కూడా అంత తేడా రావచ్చు.

సింగిల్_సింహం
సీరియస్‌గా ఒకటి చెప్తా ఈసారి. నేను నా విడాకుల మీద నింపుకున్నా ఇది, నెట్‌లో దొరికింది. కొత్త దారులు వాటికి 5, 5. మనుషులు ఎంత మంచివాళ్లో దానికి 0, లాయర్లని చూశాక ఇంకెలా పెడతాం. కాని "ఏది ముఖ్యమో మారింది" అన్నదాని దగ్గర ఆగా కాసేపు. మారింది. ఇప్పుడు శని ఆదివారాలు పాప నా దగ్గరుంటుంది, ఆ రెండు రోజులు ఎవరు ఫోన్ చేసినా ఎత్తను. దానికి 4 పెట్టా. విడాకుల ముందు పాపతో గంట కూడా కూర్చున్న గుర్తు లేదు. ఇది విడాకులవల్లా, వయసువల్లా అని @విసుగురాజా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

విసుగురాజా
నేనడగను, మీరు ఫోన్ ఎత్తకండి అంతే.

రెండో_ఇన్నింగ్స్
నిన్న రాత్రి మా అమ్మాయి చేత నా గురించి నింపించా, @లెక్కలపిచ్చి గారు చెప్పారు కదా ఇంట్లోవాళ్లని అడిగారని. తను 31 వేసింది. అక్కతో కలిసినదానికి 5 ఇచ్చింది. "కష్టాలు తట్టుకోగలనని తెలిసింది" దానికి 2 ఇచ్చింది, ఏంటే అంటే "స్కాన్ రిపోర్ట్ వచ్చే వారమంతా నువ్వు ఎవరితోనూ మాట్లాడవమ్మా, మేమందరం మెల్లగా నడుస్తాం ఇంట్లో" అంది. నాకు తెలీదు ఆ సంగతి. నేను ధైర్యంగా ఉన్నాననే అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

నైట్‌డ్యూటీ
స్కాన్ వారం అందరికీ అంతేనమ్మా. మా వార్డులో ఎంత గట్టివాళ్లకైనా.

దేవుడెరుగు
43 - 31 = 12. ఈ పన్నెండే విసుగురాజా గారి వాటా 😀

పాతగొడుగు
అపాయింట్‌మెంట్ అయింది. ఫారం బయటికి తియ్యమన్నా. ఆ మొదటి వాక్యం నాకెలా తగిలిందో చెప్పా, ఆవిడ "అది ముందే చెప్పి ఇవ్వాల్సింది" అన్నారు. తర్వాత ఎదుగుదల ఏదైనా వస్తే ఆ సంఘటన వల్ల కాదట, దాంతో తర్వాత పడే పెనుగులాటలోంచి వస్తుందని, ఫారం తయారుచేసినవాళ్లే అంటారట. అయితే ఫారంలో అలా ఎందుకు రాయలేదు అనడిగా, నవ్వేశారు. బాబాయి సంగతి మీదే గంటా గడిచిపోయింది, మిగతా తొమ్మిదీ ముట్టుకోలేదు. మళ్లీ ఎప్పుడు నింపాలో నేను చెప్తే అప్పుడే అన్నారు. ప్రస్తుతానికి చెప్పే ఉద్దేశం లేదు.

విసుగురాజా
అదీ లెక్క

చిన్నిగూడు
మధ్యలో దూరుతున్నా, పిల్లలకి కూడా ఇలాంటిది ఉందా? మావాడికి తొమ్మిదేళ్లు, వాళ్ల నాన్న పోయి రెండేళ్లయింది.

లెక్కలపిచ్చి
ఉందండి, అదీ పది వాక్యాలే, మాటలు తేలిగ్గా ఉంటాయి, 0 నుంచి 3 దాకా. కత్రినా తుఫాను చూసిన పిల్లల మీద వాడారు, 2009లో అచ్చయింది.

వినేచెవి
@చిన్నిగూడు ఉన్నా సరే, మీరు ఇంట్లో ప్రింట్ తీసి వాడిచేత నింపించకండి. అమ్మ చేతికి ఇచ్చే కాగితంలో తొమ్మిదేళ్లవాడు అమ్మకి ఏం కావాలో అదే పెడతాడు. వాడి నిద్ర, బడి, ఆటలు ఎలా ఉన్నాయో వేరే పోస్ట్ పెట్టి రాయండి, అక్కడ మాట్లాడుకుందాం.

చిన్నిగూడు
సరేనండి, రాత్రికి పెడతా. వాడు పడుకున్నాక.